ఒక్క పేరు, నాలుగు చీట్లు

మార్చి నెల వచ్చిందంటే చాలా తెలుగు ఇళ్లలో ఒకటే ప్రశ్న. "పిక్ అయ్యిందా?" అమెరికా హెచ్‌1బీ లాటరీ సంగతి. ఏటా 65 వేల వీసాలు, అక్కడే మాస్టర్స్ చేసినవాళ్లకి ఇంకో 20 వేలు. అడిగేవాళ్లు మాత్రం లక్షల్లో. అందుకని చీట్లు తీస్తారు. 2024, 2025 మార్చి లాటరీల్లో మనిషికి ఒకటే చీటీ. 2025 డిసెంబర్‌లో ప్రకటించిన కొత్త నియమం ఆ లెక్క మార్చేసింది. కంపెనీ ఇస్తానన్న జీతం, ఆ ప్రాంతంలో ఆ ఉద్యోగానికి అమెరికా కార్మిక శాఖ కట్టిన నాలుగు మెట్లలో ఏ మెట్టుని అందుకుంటుందో చూస్తారు. మొదటి మెట్టయితే డబ్బాలో పేరు ఒకసారి వేస్తారు. రెండో మెట్టయితే రెండుసార్లు, మూడో మెట్టయితే మూడుసార్లు, నాలుగో మెట్టయితే నాలుగుసార్లు.

ఇది న్యాయమా కాదా అన్న చర్చ మీ ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో ఎలాగూ నడుస్తూనే ఉంటుంది. ఈ వారం మన పని వేరు. డేటాబేస్ కళ్లతో చూస్తే ఈ నియమం మొత్తం ఒక్క వాక్యం: ఫలానా కాలమ్‌లో ఎంత అంకె ఉందో, ఆ రోని అన్నిసార్లు రాయి.

ఎస్‌క్యూఎల్ నేర్చుకున్నవాళ్లలో చాలామందికి ఇంటర్వ్యూలో తగిలే ప్రశ్న కూడా ఇదే. "క్వాంటిటీ 3 ఉంటే మూడు రోలు రావాలి, ఎలా రాస్తావ్?" చాలామంది చెయ్యి వెంటనే లూప్ వైపు పోతుంది. నిజానికి ఇక్కడ లూప్ అక్కర్లేదు. క్వెరీ ఒక పట్టాన గుర్తుపెట్టుకోవాల్సినంత పెద్దది కూడా కాదు. రాయడం రెండు నిమిషాల పని. రాశాక జరిగే తప్పులే అసలు కథ, ఎందుకంటే వాటిలో చాలావాటికి ఎర్రర్ రాదు.

అన్నట్టు, రోకి బహువచనం "రోలు" అంటే నాకు పచ్చడి నూరే రోలే గుర్తొస్తుంది. ఇక్కణ్నుంచి వరస అనే అందాం. ఉదాహరణ కూడా పచ్చడిదే తీసుకుందాం.

ఆన్‌లైన్‌లో పచ్చళ్లు అమ్మే చిన్న షాపు అనుకోండి. ఆర్డర్ల టేబుల్లో నాలుగు వరసలున్నాయి. ఆవకాయ 3 సీసాలు, గోంగూర 2, టమాటా 1, మాగాయ 0 (ఆర్డరు పెట్టి, తర్వాత వద్దన్నారు). ఇప్పుడు ప్రతి సీసా మీదా అంటించడానికి ఒక స్టిక్కర్ ప్రింట్ చేయాలి. ప్రింటర్‌కి ఆర్డర్లతో పనిలేదు. దానికి స్టిక్కర్‌కి ఒక వరస చొప్పున కావాలి. అంటే మొత్తం ఆరు.

దీనికి ఇంకో టేబుల్ పక్కన పెట్టుకోవాలి. అందులో ఒకటే కాలమ్, 1, 2, 3, 4 అంటూ వరసగా అంకెలు. అంతే, ఇంకేం ఉండదు. దాని పేరు "అంకెలు" అనుకుందాం. ఇప్పుడు రెండింటినీ కలపాలి:

సెలెక్ట్ ఆర్డర్లు.పచ్చడి, అంకెలు.ఎన్
ఫ్రమ్ ఆర్డర్లు
జాయిన్ అంకెలు ఆన్ అంకెలు.ఎన్ <= ఆర్డర్లు.సీసాలు

(సెలెక్ట్, ఫ్రమ్ లాంటి ఆజ్ఞలు కంప్యూటర్లో ఇంగ్లిషు అక్షరాల్లోనే కొట్టాలి. టేబుల్ పేర్లూ కాలమ్ పేర్లూ మాత్రం పోస్ట్‌గ్రెస్‌లోనూ ఎస్‌క్యూలైట్‌లోనూ నిజంగానే తెలుగులో పెట్టుకోవచ్చు. ఆఫీసులో పెడితే పక్కవాళ్లు తిడతారు, అది వేరే విషయం.)

జాయిన్ అనగానే మనకి "ఇది దానికి సమానం" అన్న షరతే అలవాటు. ఇక్కడ సమానం కాదు, "తక్కువ లేదా సమానం". ఆవకాయ వరస వెళ్లి అంకెల టేబుల్లో తన 3కి మించని వాటినన్నిటినీ కలుస్తుంది. 1ని కలుస్తుంది, 2ని కలుస్తుంది, 3ని కలుస్తుంది. 4 దగ్గర ఆగిపోతుంది. మూడు కలయికలు, మూడు వరసలు. గోంగూరకి రెండు. టమాటాకి ఒకటి. మాగాయ సున్నా కాబట్టి ఎవర్నీ కలవదు, జాబితాలోంచే మాయమవుతుంది. స్టిక్కర్లకి అదే కావాలి. కానీ ఇదే జాబితాని "ఈ రోజు వచ్చిన ఆర్డర్లు" అని ఓనర్‌కి పంపిస్తే మాగాయ ఆర్డరు ఏమైందని అడుగుతాడు. అప్పుడు లెఫ్ట్ జాయిన్ కావాలి. సీసాల కాలమ్‌లో అసలేమీ రాయకుండా వదిలేసినా, అంటే నల్ ఉన్నా, ఆ వరసకీ ఇదే గతి.

అంకెల టేబుల్ ఎక్కణ్నుంచి తేవాలన్నది ఒక్కో డేటాబేస్‌లో ఒక్కో రకం. పోస్ట్‌గ్రెస్‌లో జనరేట్ సిరీస్ అని ఫంక్షనే ఉంది, 1 నుంచి సీసాల దాకా అంకెలు అప్పటికప్పుడు పుట్టిస్తుంది. ఎస్‌క్యూఎల్ సర్వర్‌కి అదే పేరుతో 2022 వెర్షన్‌లో వచ్చింది. బిగ్‌క్వెరీలో జనరేట్ అర్రే, అన్‌నెస్ట్ కలిపి వాడతారు. మైఎస్‌క్యూఎల్ 8లోనూ ఎస్‌క్యూలైట్‌లోనూ విత్ రికర్సివ్ అని రాసి, 1తో మొదలెట్టి ఒక్కోటి కలుపుకుంటూ పోవచ్చు. పైథాన్‌లో పాండాస్ వాడేవాళ్లకి ఇండెక్స్ డాట్ రిపీట్ ఒక్క లైన్ పని. ఆర్ వాడేవాళ్లకి అన్‌కౌంట్ అనే ముచ్చటైన పేరుతో ఫంక్షన్ ఉంది. లెక్కపెట్టినదాన్ని మళ్లీ విడగొట్టడం అన్నమాట.

ఒరాకిల్ వాళ్లు కనెక్ట్ బై లెవెల్ అని రాస్తారు. ఒక్క వరస ఉన్నప్పుడు అది బంగారంలా పనిచేస్తుంది. ఒకటికి మించి వరసలున్న టేబుల్ మీద అలాగే వదిలితే ప్రతి వరసా మిగతా వరసలన్నిటినీ తన పిల్లలనుకుంటుంది. మూడేసి సీసాల ఆర్డర్లు మూడున్నాయనుకోండి, తొమ్మిది రావాల్సింది 3, 9, 27 కలిపి 39 వస్తాయి. స్టిక్కర్ల రోల్ అయిపోయేదాకా ప్రింటర్ ఆగదు. ఒక విధంగా ఇది మంచి తప్పే. కంటికి కనిపిస్తుంది కదా!

కంటికి కనిపించని వాటి సంగతి చూద్దాం.

మొదటిది, అంకెల టేబుల్ పొట్టిగా ఉండటం. మీ టేబుల్లో 100 దాకానే అంకెలున్నాయి, ఓ ఫంక్షన్ హాలు నుంచి 150 సీసాల ఆర్డరు వచ్చింది. జాయిన్ 100 దగ్గర ఆగిపోతుంది. ఎర్రర్ లేదు, హెచ్చరిక లేదు. 50 సీసాలు స్టిక్కర్ లేకుండా మిగులుతాయి. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో పాతకాలం నుంచి ఒక చిట్కా నడుస్తోంది, ఎస్‌పీటీ వాల్యూస్ అనే సిస్టమ్ టేబుల్‌ని అంకెల కోసం అరువు తెచ్చుకోవడం. అందులో అంకెలు 2047తో సరి. 3000 అడిగినా 2047 ఇచ్చి ఊరుకుంటుంది. రికర్షన్ పద్ధతి ఈ విషయంలో నయం. ఎస్‌క్యూఎల్ సర్వర్ మామూలుగా 100 రికర్షన్లు దాటగానే, మైఎస్‌క్యూఎల్ 1000 దాటగానే ఎర్రర్ ఇచ్చి ఆగిపోతాయి. చిరాకేస్తుంది గానీ, తక్కువ స్టిక్కర్లు ఇచ్చి మాట్లాడకుండా కూర్చునే క్వెరీ కన్నా అరిచి ఆగిపోయే క్వెరీయే నాకిష్టం.

రెండోది, లెక్క. వరసల్ని పెంచాక సీసాల కాలమ్ అలాగే ప్రతి కాపీలోనూ ఉంటుంది. ఎవరో వచ్చి అదే జాబితా మీద సమ్ వేస్తారు. ఆవకాయ మూడు వరసల్లోనూ 3 ఉంది కాబట్టి 9. గోంగూర 4. టమాటా 1. మొత్తం 14! ఉన్నవి ఆరే సీసాలు. డబ్బులైనా అంతే. ఆవకాయ ఆర్డరు మొత్తం 600 రూపాయలని ఆ వరసలో ఉంటే, పెంచాక అది 1800 అవుతుంది. నెలాఖరు రిపోర్టులో అమ్మకాలు అమాంతం పెరిగిపోతాయి, ఆఫీసులో కేక్ కూడా కట్ చేస్తారేమో. పెంచకముందు ఒక వరసంటే ఒక ఆర్డరు. పెంచాక ఒక వరసంటే ఒక సీసా. సీసాల్ని లెక్కపెట్టాలంటే ఇక కౌంటే వాడాలి, సమ్ కాదు. సమ్ కావాలంటే పెంచకముందే వేసుకోవాలి.

మూడో దాని కోసం లాటరీ దగ్గరికి వెళ్దాం. పచ్చళ్ల షాపులో దాని నష్టం అంతగా తెలియదు.

హెచ్‌1బీ లాటరీలో పేర్లు ఒకటికి రెండుసార్లు పడటం కొత్తేమీ కాదు. 2023 మార్చిలో రిజిస్ట్రేషన్ ఫీజు 10 డాలర్లే. ఒకే మనిషికి ఎన్ని కంపెనీలు రిజిస్టర్ చేస్తే డబ్బాలో అన్ని చీట్లు. ఆ ఏడాది లాటరీకి అర్హమైనవి 7,58,994 ఉంటే, అందులో 4,08,891 ఒకరికంటే ఎక్కువ కంపెనీలు రిజిస్టర్ చేసిన మనుషులవి. అంటే సగానికి పైగా. అక్కడ వరసల్ని పెంచింది క్వెరీ కాదు, ఫారాలు. 2024 మార్చి నుంచి పద్ధతి మార్చి, పాస్‌పోర్ట్ చూసి మనిషికి ఒకే చీటీ అన్నారు. అర్హమైన రిజిస్ట్రేషన్లు 4,70,342కి దిగాయి. ఇప్పుడు మళ్లీ ఒక మనిషికి ఒకటి నుంచి నాలుగు చీట్లు, ఈసారి నియమం ప్రకారమే. కొత్త నియమంలో ఇంకో రెండు షరతులున్నాయి. ఒకే మనిషికి రెండు కంపెనీలు వేర్వేరు మెట్లతో రిజిస్టర్ చేస్తే తక్కువ మెట్టునే లెక్కలోకి తీసుకుంటారు. ఎన్ని చీట్లున్నా, ఎంపికయ్యాక మనిషి ఒక్కడి కిందే లెక్క.

దీన్ని మనం ఒక చిన్న టేబుల్ మీద రాసి చూద్దాం. దరఖాస్తులు ఐదు. పాస్‌పోర్ట్ క, మెట్టు 4. అదే పాస్‌పోర్ట్ క, ఇంకో కంపెనీ నుంచి, మెట్టు 2. పాస్‌పోర్ట్ ఖ, మెట్టు 1. గ, మెట్టు 3. ఘ, మెట్టు 4. ఇందులోంచి ఇద్దర్ని ఎంచాలి.

వెంటనే వరసల్ని పెంచేస్తే 14 చీట్లు వస్తాయి, క ఒక్కడికే ఆరు. అది తప్పు. ముందు పాస్‌పోర్ట్ మీద గ్రూప్ చేసి చిన్న మెట్టు తీసుకోవాలి. అప్పుడు క 2, ఖ 1, గ 3, ఘ 4. మొత్తం 10 చీట్లు. తర్వాత ప్రతి చీటీకీ ఒక రాండమ్ నంబరు ఇచ్చి, చిన్న నంబరు వచ్చినవాళ్లని ముందు తీస్తాం. నేరుగా మొదటి రెండు చీట్లు తీస్తే రెండూ ఘవే కావచ్చు. అందుకని చీట్లు కాదు, మనుషుల్ని ఎంచాలి. మనిషి చేతిలో ఉన్న చీట్లలో అతి చిన్న నంబరే అతని నంబరు.

విత్ మనుషులు యాజ్ (
సెలెక్ట్ పాస్‌పోర్ట్, మిన్(మెట్టు) యాజ్ మెట్టు
ఫ్రమ్ దరఖాస్తులు గ్రూప్ బై పాస్‌పోర్ట్ ),
చీట్లు యాజ్ (
సెలెక్ట్ మనుషులు.పాస్‌పోర్ట్, రాండమ్() యాజ్ నంబరు
ఫ్రమ్ మనుషులు జాయిన్ అంకెలు ఆన్ అంకెలు.ఎన్ <= మనుషులు.మెట్టు )
సెలెక్ట్ పాస్‌పోర్ట్ ఫ్రమ్ చీట్లు
గ్రూప్ బై పాస్‌పోర్ట్ ఆర్డర్ బై మిన్(నంబరు) లిమిట్ 2

ఇందులో రాండమ్ ఎక్కడుందో చూడండి. "చీట్లు" ముక్కలో, అంటే వరసలు పెరిగే చోట ఉంది. దాన్ని ఒక్క మెట్టు పైకి జరిపి "మనుషులు" ముక్కలో పెట్టారనుకోండి. క్వెరీ నడుస్తుంది. చీట్లు సరిగ్గా పదే వస్తాయి. ఘకి నాలుగు, గకి మూడు, అన్నీ సక్రమంగా ఉంటాయి. కానీ ఘ నాలుగు చీట్ల మీదా ఉన్నది ఒకటే నంబరు! రాండమ్ నంబరు మనిషికి ముందే ఇచ్చేసి, తర్వాత కాగితాన్ని నాలుగు జిరాక్సులు తీసినట్టు. నాలుగు చీట్లున్నా అవకాశం ఒక్క చీటీదే. మొదటి మెట్టు ఖకీ, నాలుగో మెట్టు ఘకీ తేడా లేకుండా పోతుంది. ఎవరైనా ఆడిట్‌కి వచ్చి చీట్లు లెక్కపెట్టినా లెక్క సరిపోతుంది. తప్పు ఎక్కడా కనపడదు.

డిస్టింక్ట్‌ని రాండమ్ కన్నా ముందు పెట్టినా ఫలితం ఇదే. పెంచిన చీట్లన్నీ మళ్లీ మనిషికొకటిగా కుంచించుకుపోతాయి. ఎస్‌క్యూఎల్ సర్వర్ వాడేవాళ్లకి ఇంకో గొయ్యి కూడా ఉంది. అక్కడ రాండ్ అనే ఫంక్షన్ క్వెరీ మొత్తానికి ఒకేసారి నడిచి, ఒకే అంకెని అన్ని వరసలకీ పంచుతుంది. పది చీట్ల మీదా ఒకటే నంబరు. ఇక ఎవరు ముందొస్తారో డేటాబేస్ ఇష్టం. అక్కడ న్యూఐడీ వాడాలి, అది వరస వరసకీ కొత్తది ఇస్తుంది.

స్టిక్కర్ల దగ్గర కూడా ఇదే సంగతి కొంచెం వేరే రూపంలో ఉంది. మొదటి క్వెరీలో అంకెలు.ఎన్ అనే కాలమ్‌ని కూడా బయటికి తీశాను, గమనించారా? అది లేకపోతే మూడు ఆవకాయ స్టిక్కర్లూ అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉంటాయి. అది ఉంటే "3లో 1, 3లో 2, 3లో 3" అని రాయొచ్చు. పార్సిల్ విప్పినప్పుడు 3లో 2 లేదంటే ఏ సీసా దారిలో పోయిందో తెలుస్తుంది. ఎవరో మధ్యలో డిస్టింక్ట్ వేసినా ఆ మూడూ ఒకటైపోవు. ఒకేలా ఉన్న వరసల్ని డేటాబేస్ విడిగా గుర్తుపట్టలేదు, కాపీకో గుర్తు మనమే ఇవ్వాలి.

ఇంకో మాట, నాలుగు చీట్లుంటే నాలుగు రెట్లు అవకాశం అని యూట్యూబ్‌లో చెప్పేవాళ్లుంటారు. మొదటి చీటీ వరకూ అది నిజం. పదిలో ఘవి నాలుగు, ఖది ఒకటి. ఇద్దర్ని ఎంచేటప్పుడు మాత్రం లెక్క మారుతుంది, ఎందుకంటే ఘ మొదటే వచ్చేస్తే అతని మిగతా మూడు చీట్లకీ విలువ లేదు. మన చిన్న టేబుల్లో లెక్కకడితే, ఇద్దరిలో ఒకడిగా ఎంపికయ్యే అవకాశం ఘకి 71.6 శాతం, గకి 60.8, కకి 44.1, ఖకి 23.5. నాలుగు రెట్లు కాదు, మూడు రెట్లు. ఎంచే మనుషుల సంఖ్య పెరిగేకొద్దీ ఈ తేడా ఇంకా తగ్గుతుంది. నలుగురిలో నలుగుర్నీ ఎంచితే ఎన్ని చీట్లున్నా ఒకటే కదా.

మీ క్వెరీ సరిగ్గా ఉందో లేదో చూడాలంటే దాన్ని చదువుతూ కూర్చోవడం కన్నా నడిపి చూడటం మేలు. ఎస్‌క్యూలైట్ మీ ఫోన్లో ఇప్పటికే ఉంది, ఆండ్రాయిడ్ అయినా ఐఫోన్ అయినా సగం యాప్‌లు దాని మీదే నడుస్తాయి. దాన్ని బ్రౌజర్‌లో ఆడించే పేజీలు ఉచితంగానే దొరుకుతాయి. అంకెల టేబుల్లో 1 నుంచి 4 దాకా పెట్టుకోండి, దరఖాస్తుల టేబుల్లో పైన చెప్పిన ఐదు వరసలు పెట్టండి. లిమిట్ 1 పెట్టి క్వెరీని వెయ్యిసార్లు నడపండి. చేత్తో కాదు, పైథాన్‌లో నాలుగు లైన్ల లూప్ రాసి (చూశారా, లూప్‌కి కూడా చివరికి పని దొరికింది). ఘ దాదాపు 400 సార్లు, గ 300, క 200, ఖ 100 సార్లు రావాలి. పదో ఇరవయ్యో అటూ ఇటూ అయినా ఫర్లేదు. నలుగురూ తలా 250 దగ్గర తేలితే, వెళ్లి మీ రాండమ్ ఏ ముక్కలో ఉందో చూసుకోండి.